మన ఊరు ఏ షీటులో ఉంది?

కొత్తచెరువు చరిత్ర ఏ పుస్తకంలో దొరుకుతుందని ఈమధ్య మన సంఘ సభ్యుడొకరి మనుమరాలు నన్ను అడిగింది. డిగ్రీ చదువుతున్న పిల్ల. కాలేజీలో స్థానిక చరిత్ర మీద ప్రాజెక్టు రాయమన్నారట. పెనుకొండ మీద పుస్తకాలున్నాయి, లేపాక్షి మీద ఉన్నాయి, పుట్టపర్తి మీదయితే చెప్పనక్కర లేదు. ఈ మూడింటి నడుమ బస్సులు మారే కూడలిగానే మన ఊరు లోకానికి తెలుసు. పుస్తకం లేదమ్మా అని చెప్పి, నా పెట్టెలోంచి మడతలు పడ్డ ఒక టోపోషీటు తీసి బల్లమీద పరిచాను. ఆ పిల్ల కాసేపు చూసి, "ఇందులో గీతలే ఉన్నాయి కదా తాతా, చరిత్ర ఎక్కడుంది?" అంది.

సర్వే శాఖలో గొలుసు పట్టి, తల నెరిసి బయటికొచ్చినవాణ్ణి. ఆ ప్రశ్నకు అక్కడికక్కడ సరయిన జవాబు చెప్పలేకపోయాను. మన ప్రత్యేక సంచిక కోసం తీరిగ్గా రాస్తున్నాను.

ముందుగా మన ఊరి చిరునామా. సర్వే ఆఫ్ ఇండియావారి లెక్కలో కొత్తచెరువు 57 ఎఫ్/16 షీటులో ఉంది. ఈ నంబరు చూసి బెదరనక్కర లేదు. దేశాన్నంతా నాలుగు డిగ్రీల పెద్ద చదరాలుగా కోసి నంబర్లు వేశారు. 76 నుంచి 80 డిగ్రీల తూర్పు రేఖాంశం, 12 నుంచి 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం నడుమ ఉన్న చదరం 57. దాన్ని మళ్ళీ ఒక్కొక్క డిగ్రీ చొప్పున ఏ నుంచి పి దాకా 16 ముక్కలు చేశారు, మనది ఎఫ్. ఒక్కొక్క అక్షరాన్ని తిరిగి 16 షీట్లు చేశారు. మనది చిట్టచివరిదైన పదహారోది. బుక్కపట్నం, పుట్టపర్తి కూడా ఇందులోనే వస్తాయి. ఒక షీటు ఉత్తర దక్షిణాలుగా సుమారు 27 1/2 కిలోమీటర్లు, తూర్పు పడమరలుగా సుమారు 27 కిలోమీటర్ల నేల చూపిస్తుంది. మన ఊరు దీని ఎడమ అంచుకు దగ్గరగా పడింది. అందువల్ల పడమటి పల్లెల సంగతి కావాలంటే పెనుకొండ ఉన్న 57 ఎఫ్/12 కూడా పక్కన అతికించుకోవాలి. ఉత్తరాన ధర్మవరం 57 ఎఫ్/11. ఊరు షీటు అంచున పడితే ఎంత ఇబ్బందో డ్రాఫ్ట్స్‌మన్ పని చేసినవారికి తెలుసు.

ఈ కొలతలు మన నేలమీదికి ఎలా వచ్చాయన్నది పెద్ద కథ. 1800లో నిజాం మన సీమను కుంపిణీకి ఒప్పగించాడు. దత్తమండలాలకు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1802 నుంచి 1806 దాకా పొలాలన్నీ కొలిపించాడు. ఆ కొలత గొలుసు 33 అడుగులు. 33 అడుగుల చదరం ఒక గుంట, 40 గుంటలు ఒక ఎకరం. తర్వాతి సర్వేల్లో 66 అడుగుల గంటరు గొలుసు వచ్చింది, మనం సెంట్లలోకి మారాం. మన్రోది పన్ను కోసం చేసిన కొలత. అతనికి కావలసింది పటం కాదు, లెక్క.

పటం కావలసినవాడు కాలిన్ మెకంజీ. మైసూరు సర్వే ముగించాక 1809 నుంచి 1815 దాకా అతని మనుషులు దత్తమండలాల్లో తిరిగారు. వంకలు, కొండలు గీస్తూనే, ఊరూరా కరణాల దగ్గర కైఫియత్తులు రాయించుకున్నారు. ఊరు ఎవరు కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, ఏ మాన్యం ఎవరికి ఇచ్చారు అన్నవన్నీ అందులో ఉంటాయి. తర్వాత సి.పి. బ్రౌను వాటికి నకళ్ళు రాయించి నిలబెట్టకపోతే చాలా పల్లెల ముచ్చట్లు చెదలకు పోయేవి. మెకంజీ 1815లో మొత్తం భారతదేశానికి మొదటి సర్వేయరు జనరల్ అయ్యాడు.

ఇదే కాలంలో విలియం లాంబ్టన్ మద్రాసులో 1802లో మొదలుపెట్టిన త్రికోణమితి సర్వే బెంగుళూరు మీదుగా ఉత్తరానికి నడుస్తూ వచ్చింది. 1804లో బెంగుళూరు దగ్గర, 1811లో గుత్తి దగ్గర అతను ఆధారరేఖలు కొలిచాడు. ఆ రెంటి నడుమ దారి మన పీఠభూమే. గుట్టలమీద రాతిలో చెక్కిన చుక్కనో, రాళ్ళ కుప్పనో చిన్నప్పుడు ఎక్కడైనా చూసి ఉంటే, దొరలు దాచిన నిధి గుర్తని పెద్దలు చెప్పి ఉంటారు. సాధారణంగా అది సర్వే స్టేషను. నిధి అనుకుని తవ్విపారేసిన స్టేషన్లను వెతుక్కుంటూ గుట్టలెక్కి నేనూ కాళ్ళు అరగదీసుకున్నాను.

మనకు పనికొచ్చే పటాలు ఇరవయ్యో శతాబ్దంలోనివి. అంతకుముందు 1827 నుంచి వెలువడిన అట్లాసులో నాలుగు మైళ్ళు ఒక అంగుళంలో ఇరుక్కునేవి. అందులో పల్లె అంటే ఒక చుక్క. 1905 తర్వాత ఒక అంగుళానికి ఒక మైలు చొప్పున, రంగుల్లో, కాంటూరు గీతలతో కొత్త షీట్లు వేయడం మొదలైంది. మెట్రిక్ పద్ధతి వచ్చాక అవే 1:50,000 అయ్యాయి. అంటే రెండు సెంటీమీటర్లకు ఒక కిలోమీటరు. పాత షీటు అడుగుల్లో మాట్లాడుతుంది, కొత్తది మీటర్లలో. రెండూ పక్కపక్కన పెట్టుకున్నప్పుడు ఈ సంగతి మరవరాదు.

ఇక షీటు చదవడం. పసుపు సాగునేల, ఆకుపచ్చ అడవి, ఎరుపు ఇళ్ళు, దారులు, గోధుమరంగు గీతలు నేల ఎత్తు. నీలం నీళ్ళు. అయితే నీలం ఎప్పుడూ నీళ్ళుండే చోటికే. ఏడాదిలో కొన్నాళ్ళే పారే వంకకు, ఎండిపోయే చెరువుకు నల్లగీత. గోదావరి జిల్లావాళ్ళ షీటు చూస్తే కళ్ళకు చలవగా నీలంగా ఉంటుంది. మన షీటులో చెరువులు లెక్కకు మించి ఉంటాయి, నీలం మాత్రం వెతుక్కోవాలి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల అది. కట్ట ఉంటుంది, పక్కన '5ఆర్' అని చిన్న అక్షరం ఉంటుంది. అంటే చుట్టూ నేలకన్నా కట్ట అయిదు మీటర్ల ఎత్తని, పాత షీటులో అయితే అయిదడుగులని అర్థం. కట్ట వెనక ఖాళీ. పిల్లలు దాన్ని మైదానమనుకుంటారు.

ఆ కట్టలను ఒకదాని తర్వాత ఒకటి వేలితో పట్టుకు పోవాలి. పై చెరువు మరువ పారితే ఆ నీరు ఏ వంకలో పడుతుంది, ఆ వంక ఏ కుంటను నింపుతుంది, ఆ కుంట నిండితే ఎక్కడికి పోతుంది అని చూస్తూ పోతే, చివరకు చిత్రావతికి చేరతాం. గొలుసుకట్టు చెరువులంటే ఏమిటో వంద పేజీల పుస్తకం చెప్పలేనిది ఈ కాగితం ఒక్క చూపులో చెబుతుంది. కర్ణాటకలో చిక్కబళ్ళాపురం వైపు పుట్టి బాగేపల్లి మీదుగా వచ్చే చిత్రావతి బుక్కపట్నం, ధర్మవరం చెరువులకు ప్రాణం. బుక్కపట్నం చెరువు విజయనగరం నాటిదనీ, బుక్కరాయల పేరున ఊరు వెలిసిందనీ ప్రతీతి. ఆ రాజులకు ఈ విద్య తెలుసు. కడప సీమలోని పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్ళు పనిచేశారని అందులో ఉంది. 1388 నాటి మరో శాసనం హెన్నె నది నీటిని పెనుకొండ వైపు మళ్ళించడానికి సింగాయభట్టు అనే జలసూత్రధారిని నియమించిన సంగతి చెబుతుంది. హెన్నె అంటే మన పెన్నే. శాసనం చదివి ఊరుకోకుండా, కాంటూరు గీతలున్న షీటు ముందు పెట్టుకుని ఆ కాలువ ఏ ఎత్తున వచ్చి ఉండాలో వెతికి చూడండి. ఒక సాయంత్రం తెలియకుండా గడిచిపోతుంది.

మన ఊరి పేరు సంగతీ ఇక్కడే రావాలి. కొత్త చెరువు అన్నారంటే అప్పటికి పాత చెరువు ఒకటి ఉండాలి. పక్కనే బుక్కపట్నం చెరువు అంతటిది ఉండగా, దాన్ని చూసే దీన్ని కొత్తది అన్నారని నా ఊహ. శాసనం చూపించమంటే చూపించలేను. షీటులో మాత్రం ఆ రెండు నీళ్ళ నడుమ దూరం కొద్దిపాటిదే. మన చుట్టూ ఉన్న పేర్లన్నీ ఇలాంటివే. మరకుంటపల్లిలో కుంట ఉంది, ఓబుళదేవరచెరువులో చెరువుంది. నీళ్ళు తక్కువున్న సీమలోనే ఊళ్ళకు నీళ్ళ పేర్లు ఎక్కువ.

అయితే పటం చెప్పిందల్లా వేదమని నేను అనను. షీటు అంచున ఏ సంవత్సరంలో సర్వే చేశారో ముద్రిస్తారు. ముందు అది చూడాలి. మన క్యాంపులు వానలు వెనకబట్టాక మొదలై ఎండలు ముదిరేదాకా సాగేవి. కార్తీకంలో వచ్చిన సర్వేయరు చూసిన చెరువు వేరు, చైత్రంలో వచ్చినవాడు చూసింది వేరు. పేర్ల విషయం ఇంకా తమాషా. సర్వేయరుకు ఊరి పేరు చెప్పేది దారి చూపడానికి వచ్చిన తలారో, గొర్రెల కాపరో. అతను చెప్పింది ఒకటి, ఈయన విన్నది ఒకటి, ఇంగ్లీషులో రాసింది మరొకటి, ముద్రణలో తేలింది ఇంకొకటి. చాలాచోట్ల దళితవాడకు గుడిసెల గుర్తే ఉంటుంది, పేరుండదు. పటేలు ఊరికి పేరుంటుంది. ఆ గుర్తు పక్కన పేరు రాయవలసిన పని మనకు మిగిలే ఉంది.

ఇంకో సంగతి చెబితే ఆ పిల్ల ప్రశ్నకు జవాబు దొరుకుతుందేమో.

నాతోపాటు పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయ మిత్రుడున్నాడు. ఆయన ఇంటిపేరు ఒక ఊరిపేరు. అలాంటి ఇంటిపేర్లు మనలో ఎందరికో ఉన్నాయి. కానీ ఆ పేరుగల ఊరు మండలాల జాబితాలో లేదు, ఓటర్ల జాబితాలో లేదు, బస్సు బోర్డుమీద లేదు. మా ఊరు ఇక్కడే ఎక్కడో ఉండేదట, కరువులో పోయిందట అని ఆయన నాన్న చెప్పేవాడట. నాన్నకు వాళ్ళ అవ్వ చెప్పిందట. ఇంట్లో పెళ్ళి జరిగినప్పుడల్లా ఇలవేల్పుకు మీదు కట్టి దాచేవారు. చెల్లించే గుడి ఎక్కడో తెలియదు. ఆయన పెద్దక్కకు ఎనభై దాటాయి. నేను పోయేలోగా ఆ మూట ఎక్కడ విప్పాలో చూపించమని ఆమె పట్టుబట్టింది.

ఆయన నా దగ్గరికి వచ్చాడు. కొత్త షీటులో వెతికితే లేదు. ఒక అంగుళం పాత షీటు నకలులో, రెండు గుట్టల నడుమ, వంక మలుపు దగ్గర, సన్నని అక్షరాల్లో ఆ పేరు కనిపించింది. పక్కన బ్రాకెట్లలో 'డెసర్టెడ్' అని ఉంది. పాడుపడిన ఊరని అర్థం. పాత రెవెన్యూ భాషలో దీన్నే బేచిరాకు గ్రామమంటారు. చిరాగ్ అంటే దీపం. దీపం వెలగని ఊరు. ఊరు పోయినా ఎల్లలు, సర్వే నంబర్లు, పేరు కాగితం మీద బతికే ఉంటాయి. మన సీమలో ఇలాంటివి తక్కువేమీ కావు. 1876-78 ధాత కరువులో జనం ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ చేశారు. 1898 తర్వాత ప్లేగు వచ్చినప్పుడు ఇళ్ళు విడిచి పొలాల్లో గుడిసెలు వేసుకున్నారు. కొందరు తిరిగి రాలేదు. చెరువు కట్ట తెగి, కట్టుకునే దిక్కులేక కదిలిపోయిన ఊళ్ళూ ఉన్నాయి.

ఇద్దరం జీపు మాట్లాడుకుని పోయాం. నేను ఫోనులో అక్షాంశ రేఖాంశాలు పెట్టుకుని దర్జాగా నడిచి, ఎవరిదో వేరుశెనగ చేనులో తేలాను. తప్పు నాదే. పాత షీట్లు ఎవరెస్టు గోళాకారాన్ని ఆధారం చేసుకుని గీసినవి, ఫోను వాడే లెక్క వేరు. మన ప్రాంతంలో ఆ రెంటికీ వందమీటర్లకు పైబడి తేడా వస్తుంది. ముప్పై ఏళ్ళ సర్వేయరును, ఆ సంగతి మరిచాను. ఫోను జేబులో పెట్టి, షీటులో ఉన్న గుట్ట కొననూ, వంక మలుపునూ కళ్ళతో పట్టుకుని మళ్ళీ నడిచాం. మేకలు తోలుతున్న ఒక పెద్దాయన ఎదురొచ్చి, "ఏమప్పా, పాటిమీదికా?" అన్నాడు. ఆ మాట వినగానే మా వాడు నిలబడిపోయాడు. పాడుపడిన ఊరి మిట్టను పాటి అంటారు. పటంలో చూసి మేము నూరు గజాల దూరంలో తడుముకుంటున్న చోటు ఆయనకు రోజూ మేకలు తోలుకునే దారి.

అక్కడ పెద్దగా ఏమీ లేదు. పెంకుముక్కలు, సగం పూడిన రాతిబావి, విరిగిన విసుర్రాయి, చింతచెట్టు కింద బండమీద చెక్కిన వీరాంజనేయుడు. ఎవరో ఈమధ్యే సిందూరం పూశారు. మా మిత్రుడు చెప్పులు విడిచి, చాలాసేపు ఆ బావి గట్టున కూర్చున్నాడు. నెల తిరక్కుండా పెద్దక్కను తీసుకెళ్ళి మూట విప్పించాడు. ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ పొలాల మీద తగాదా ఒకటి నడుస్తోంది, మధ్యలో మనకెందుకు.

తగాదా అన్నాను కనుక ఒక హెచ్చరిక. టోపోషీటు పట్టుకుని పట్టా తేల్చుకుందామని ఎవరూ బయల్దేరవద్దు. దానిలో సర్వే నంబర్లుండవు. హద్దులకు కావలసింది గ్రామపటం, ఎఫ్.ఎం.బి., పాత డైగ్లాటు, ఆర్.ఎస్.ఆర్. ఒక అంగుళానికి 330 అడుగుల చొప్పున గీసిన గ్రామపటంలో ముక్కూడలి రాయి కూడా కనిపిస్తుంది. కానీ కుంట ఒకప్పుడు ఉండేదా లేదా, వంక ఏ దారిన పారేది అన్న ప్రశ్నకు రెండు పటాలూ కలిపి చూస్తే గట్టి సాక్ష్యం వస్తుంది. చెరువులు, కుంటలు ఊరుమ్మడి ఆస్తి, వాటిని కాపాడాలని సుప్రీంకోర్టు 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో చెప్పింది. కాపాడాలంటే అది ఎక్కడ ఉండేదో ముందు తెలియాలి కదా. 1984లో కరణాల వ్యవస్థ పోయినప్పుడు వారి నోట ఉన్న జ్ఞానం చాలావరకు వారితోనే పోయింది. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో డ్రోన్లు ఎగిరాయి. డ్రోను ఈనాటి నేలను చక్కగా చూస్తుంది. పూడిపోయిన కాలువ పేరు దానికి ఎవరు చెబుతారు?

పటాలమీద కాలం ఎలా నడిచిందో చూడాలంటే మన షీటే చాలు. 1950లో ప్రశాంతి నిలయం కట్టడానికి ముందు పుట్టపర్తి చిత్రావతి ఒడ్డున ఒక పల్లె మాత్రమే. 1890లలో వేసిన మీటరుగేజి రైలు పెనుకొండ మీదుగా పోయింది. మన వైపు పట్టాలు 2000లో గానీ రాలేదు. 1990లో విమానాశ్రయం వచ్చింది. హంద్రీ-నీవా కాలువ, బుక్కపట్నం మండలంలోని మారాల జలాశయం నిన్నమొన్నటివి. పాత షీటులో ఆ జలాశయం చోట కొండలు, 'ఓపెన్ స్క్రబ్' అన్న ముద్ర, అంటే పలచని కంపచెట్లు.

కాగితాలు వెతికేవారు జిల్లాల మార్పు గుర్తుంచుకోవాలి. 1882కు ముందు మనం బళ్ళారి జిల్లాలో ఉన్నాం. కనుక కెల్సాల్ 1872లో వేసిన బళ్ళారి మాన్యువల్ చూడాలి. ఆ తర్వాత అనంతపురం జిల్లా, పెనుకొండ తాలూకా; 1905లో ఫ్రాన్సిస్ రాసిన గెజిటీరు ఆ కాలానిది. 1985 నుంచి మండలం. 2022 ఏప్రిల్ 4 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. మద్రాసు రాజధాని కాలపు పటాలకు చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్, సర్వే ఆఫ్ ఇండియా షీట్లకు హైదరాబాదు ఉప్పల్ కార్యాలయం ఉన్నాయి. 2005 మ్యాపు విధానం తర్వాత పౌరులకు వేరే షీట్ల వరుస వచ్చింది, వాటి నంబర్లు వేరు. 2021 నుంచి నిబంధనలు బాగా సడలాయి, ఇంటినుంచే అంతర్జాలంలో తెప్పించుకోవచ్చు. అమెరికా సైన్యంవారు 1950లలో 1:2,50,000 స్కేలున వేసిన మన ప్రాంతపు షీట్లను టెక్సాస్ విశ్వవిద్యాలయం ఉచితంగా ఉంచింది. మా కాలంలో ఒక షీటు బయటికి తీయాలంటే మూడు సంతకాలు కావలసి వచ్చేది. ఇప్పుడు మనుమలు ఫోనులో తీసి చూపిస్తుంటే కొంచెం ఉడుకుబోత్తనంగానే ఉంటుంది.

ఆ పిల్ల ఇప్పుడు మన షీటును నాలుగింతలు పెద్దది చేయించి, అట్టకు అంటించి, పెన్సిలుతో ఇంటింటికీ తిరుగుతోంది. బావి గుర్తు ఉన్నచోట బావి పేరు, గుట్ట ఉన్నచోట గుట్ట పేరు, పేరులేని వాడకు వాడ పేరు, చెప్పినవారి వయసుతో సహా రాసుకుంటోంది. ఒకే వంకకు పైఊరివాళ్ళు ఒక పేరు, కింది ఊరివాళ్ళు ఇంకో పేరు చెబితే రెండూ రాయమన్నాను. చెరువుకు తూర్పున అయిదు బావులు, ఒక కుంట ఇంకా పేర్లు లేకుండా ఉన్నాయి. వచ్చే నెల పింఛను తీసుకున్న మర్నాడు ఉదయం సంఘం ఆఫీసులో ఆ పటం పరిచి ఉంచుతాం. సభ్యులు ఇంట్లో పెద్ద ఆడవాళ్ళను కూడా వెంటబెట్టుకు రాగలరు. నీళ్ళు మోసింది వాళ్ళు, బావుల పేర్లు వాళ్ళకే తెలుసు. అక్షరాలు మరీ సన్నవి. కళ్ళద్దాలు మరవవద్దు.